గది ఉంది, మనిషి లేదు

హైదరాబాద్ శివార్లలోని ఒక రెడీమేడ్ దుస్తుల కర్మాగారంలో గేటు దాటగానే ఎడమ వైపున ఒక గది ఉంది. గోడల మీద ఏనుగు, నెమలి, అ ఆ ఇ ఈలు రంగుల్లో వేయించారు. మూలన రెండు ఉయ్యాలలు, ఒక ప్లాస్టిక్ గుర్రం ఉన్నాయి. గుర్రానికి చుట్టిన పాలిథిన్ కవరు ఇంకా విప్పలేదు. తలుపు మీద 'శిశు సంరక్షణ కేంద్రం' అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ బోర్డు ఉంది. తలుపుకి తాళం ఉంది. స్త్రీ కార్మికుల పని పరిస్థితుల గురించి తెలుసుకోవడానికి నేనక్కడికి వెళ్ళినప్పుడు, వెంట వచ్చిన మేనేజరు ఆ తాళం తీయించి గది చూపించారు. "చట్టప్రకారం మేం అన్నీ పెట్టామండీ. వీళ్ళే పిల్లల్ని తీసుకురారు. మన ఆడవాళ్ళకి ఇంకా అలవాటు కాలేదు" అన్నారాయన.

మధ్యాహ్నం అన్నాల వేళ ఆడవాళ్ళ మధ్య కూచుని అదే మాట అడిగాను. రెండేళ్ళ పాప ఉన్న ఒకామె టిఫిన్ డబ్బా మూత పెడుతూ జవాబు చెప్పింది. "గదైతె ఉన్నది మేడం. గదిల మనిషే లేదు. తాళంచెవి సెక్యూరిటీ సారు తాన ఉంటది. పిల్లనెవలి చేతిల పెట్టి నేను మిషిన్ మీద కూసోవాలె?" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. బయటి దేశాల నుంచి ఆర్డర్లిచ్చే కంపెనీల మనుషులు తనిఖీకి వచ్చే రోజున మాత్రం ఆ గది తెరుచుకుంటుందనీ, ఆ పూట ఎవరో ఒకరి పిల్లల్ని తెప్పించి కూర్చోబెడతారనీ చెప్పారు.

"మరి పాపనెవరు చూస్తున్నారు?" అన్నాను. "పెద్దది చూస్తది." పెద్దదానికి పదేళ్ళు. "బడికి పోదా?" "రెండు దినాలు పోతె నాలుగు దినాలు పోదు."

కర్మాగారం రికార్డుల్లో క్రెష్ ఉంది. బడి రిజిస్టర్లో ఆ పదేళ్ళ పిల్ల పేరూ ఉండే ఉంటుంది. రెండు చోట్లా కాగితం సరిగానే ఉంది. ఈ రెండు కాగితాల మధ్య ఒక ఆడపిల్ల చదువు ఆగిపోతోంది. పని చేసే చోట పిల్లల సంరక్షణ గురించి మన స్త్రీల సంఘాలు ఎన్నో తీర్మానాలు చేశాయి, ధర్నాలు చేశాయి. అయినా ఆ కోర్కె మన కోర్కెల పట్టికలో ఎప్పుడూ చివరి వరసలోనే ఉండిపోయింది. వేతనాలు, లైంగిక వేధింపులు, ఉద్యోగ భద్రత మాట్లాడుకున్నాక సమయం మిగిలితే క్రెష్ గురించి ఒక వాక్యం రాసుకున్నాం. ఆ వాక్యంలో కూడా ఎక్కువగా గది అడిగాం, మనిషిని అడగలేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఆ లోటు గురించే.

కొంచెం వెనక్కి వెళదాం. 1920లలో బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే తల్లులు పసిపిల్లలకు నల్లమందు పెట్టి నిద్రపుచ్చి పనికి వెళ్ళేవారని ఆనాటి వైద్యులు నమోదు చేశారు. ఆ తల్లుల మూఢత్వాన్ని నిందించినవాళ్ళు ఎందరో ఉన్నారు. పది గంటలు మిల్లులో నిలబడే మనిషి బిడ్డను ఎవరి దగ్గర వదలాలో చెప్పినవాళ్ళు మాత్రం తక్కువ. 1931లో విట్లీ కమిషన్ కర్మాగారాల్లో క్రెష్‌లు ఉండాలని సిఫార్సు చేసింది. స్వాతంత్ర్యం వచ్చాక 1948 ఫ్యాక్టరీల చట్టం 48వ సెక్షన్‌లో అది యజమాని విధిగా మారింది. మొదట 50 మందికి పైగా స్త్రీలున్న కర్మాగారాలకు, 1976 సవరణ తర్వాత 30 మందికి పైగా స్త్రీలున్న కర్మాగారాలకు ఆరేళ్ళ లోపు పిల్లల కోసం గది తప్పనిసరి అయింది. 1951లో తోటల కార్మికులకు, 1966లో బీడీ కార్మికులకు, 1996లో భవన నిర్మాణ కార్మికులకు చేసిన చట్టాలలోనూ ఇలాంటి నిబంధనలు చేరాయి.

ఈ చట్టాలన్నిటిలో రెండు లక్షణాలు కనబడతాయి. ఒకటి, అవి ఆడవాళ్ళని లెక్కపెట్టాయి. పిల్లలు ఆడవాళ్ళకి మాత్రమే పుడతారన్నట్టు, వెయ్యి మంది మగవాళ్ళు పనిచేసే చోట క్రెష్ అవసరం లేదనీ, ముప్ఫై మంది ఆడవాళ్ళు దాటితేనే అవసరమనీ నిర్ణయించాయి. దాని పర్యవసానం ఎవరైనా ఊహించగలరు. ఆడవాళ్ళ సంఖ్యను గీత దాటనీయకుండా చూసుకోవడం యజమానికి లాభం. క్రెష్ పెట్టడం కన్నా ఆడవాళ్ళని తీసుకోకపోవడమే చవక. మనకు రక్షణగా రాసిన సెక్షనే మన ఉద్యోగానికి అడ్డంకి అయింది.

రెండోది, ఈ చట్టాలు ఒక గేటునీ, ఒక కప్పునీ ఊహించుకున్నాయి. గేటు లేని చోట పనిచేసే స్త్రీ వాటికి కనిపించలేదు. బీడీల చట్టమే చూడండి. క్రెష్ ఉండాల్సింది 'పారిశ్రామిక ఆవరణ'లో. కానీ నిజామాబాద్, కరీంనగర్, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టేది ఇళ్ళల్లో, అరుగుల మీద, ఒళ్ళో చాట పెట్టుకుని. ఆమె ఇల్లే కర్మాగారం, ఆమె ఒడే క్రెష్. తునికాకు పొడి మధ్య పాకే పిల్లవాడి గురించి చట్టానికి చెప్పవలసిందేమీ లేకపోయింది. చేలో నాట్లు వేసే కూలీ, చెట్టుకొమ్మకు చీర ఉయ్యాల కట్టి, గంటకోసారి గట్టు మీదికి చూసే కూలీ, ఆ లెక్కలోకే రాలేదు. ఒక్క 2005 నాటి ఉపాధి హామీ చట్టం మాత్రం, పని జరిగే చోట ఐదుగురు లేక అంతకు మించి ఆరేళ్ళ లోపు పిల్లలుంటే వాళ్ళని చూసుకోవడానికి ఒక స్త్రీని నియమించి ఆమెకూ కూలి ఇవ్వాలని రాసింది. పిల్లల్ని చూడడం కూలి ఇవ్వదగ్గ పని అని ఒక చట్టం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఆ పథకంలో సగానికి పైగా పనిదినాలు స్త్రీలవే. అయినా నేను చూసిన పని స్థలాల్లో ఆ స్త్రీ మస్టరు రోల్లో కనిపించడం అరుదు. కనిపించినా చెట్టుకింద కనిపించేది కాదు.

ఇప్పుడు చట్టం మారింది. మార్పుని జాగ్రత్తగా చదవాల్సిన పని మన మీద ఉంది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణ జీతంతో కూడిన సెలవుని 26 వారాలకు పెంచడంతో పాటు, 50 మంది లేక అంతకు మించి ఉద్యోగులున్న ప్రతి సంస్థలోనూ క్రెష్ ఉండాలని చెప్పింది. ఉద్యోగులు అంది, స్త్రీలు అనలేదు. ఇది స్త్రీల ఉద్యమం చాలాకాలంగా అడిగిన మార్పే. తర్వాత 2020లో చేసిన లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. పైన చెప్పిన పాత కార్మిక చట్టాలు వాటిలో కలిసిపోయాయి. సామాజిక భద్రతా కోడ్‌లోని 67వ సెక్షన్ 50 మంది ఉద్యోగుల లెక్కనే నిలిపింది. కొన్ని సంస్థలు కలిసి ఉమ్మడిగా క్రెష్ నడుపుకోవచ్చనీ, ప్రభుత్వమో మునిసిపాలిటీయో స్వచ్ఛంద సంస్థో నడిపే కేంద్రాన్ని వాడుకోవచ్చనీ కూడా అంది.

దీనివల్ల లాభం ఉంది. ఆడవాళ్ళని తీసుకుంటే క్రెష్ మీద పడుతుందన్న సాకు, కనీసం యాభై దాటిన చోట, యజమాని నోటి నుంచి పోవాలి. పదిమంది ఆడవాళ్ళూ నూరుమంది మగవాళ్ళూ ఉన్న చోట కూడా క్రెష్ అడగవచ్చు. అయితే నష్టమూ ఉంది. దాని గురించి ఎవరూ మాట్లాడడం లేదు. నలభై మంది ఆడవాళ్ళు, ఐదుగురు మగవాళ్ళు ఉన్న ఒక చిన్న కర్మాగారాన్ని ఊహించండి. జీడిమెట్లలోనో నాచారంలోనో అలాంటివి వెతుక్కోనక్కర లేదు. పాత ఫ్యాక్టరీల చట్టం ప్రకారం అక్కడ క్రెష్ ఉండి తీరాలి. కొత్త లెక్కలో వాళ్ళు 45 మందే, గీతకి దిగువనే. ఆడవాళ్ళు ఎక్కువగా ఉండే చిన్న పరిశ్రమలే ఇలా గీత కిందికి జారిపోయాయి. 67వ సెక్షన్‌లోనే '50 మంది లేక నిర్ణయించిన సంఖ్య' అన్న మాట ఉంది. అంటే సంఖ్యను తగ్గించే వీలు చట్టంలోనే ఉంది. ఆ వీలుని వాడమని అడగాల్సింది మనమే.

ఇంకొక మెలిక ఉంది. ఉద్యోగుల లెక్కలో మగవాళ్ళని కలిపిన అదే సెక్షన్, రోజుకు నాలుగుసార్లు క్రెష్‌కి వెళ్ళి బిడ్డని చూసివచ్చే హక్కుని మాత్రం స్త్రీకే ఇచ్చింది. పాలిచ్చే తల్లికి ఆ హక్కు ఉండాల్సిందే. కానీ మూడేళ్ళ పిల్లవాడికి జ్వరం వస్తే, పడి మోకాలు చీరుకుంటే, తండ్రి లేచి వెళ్ళకూడదా? లెక్కకి తండ్రి కావాలి, పిలుపుకి తల్లి రావాలి. 2024 జాతీయ సమయ వినియోగ సర్వేలో స్త్రీలు జీతం లేని ఇంటిపనికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తున్నారనీ, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారనీ తేలింది. 15 నుంచి 59 ఏళ్ళ వయసులో ఇంట్లోవారిని చూసుకునే పనిలో పాలుపంచుకున్నది స్త్రీలలో 41 శాతం, పురుషులలో 21.4 శాతం. ఈ అంకెలున్న దేశంలో చట్టం కూడా బిడ్డని తల్లి ఖాతాలోనే రాస్తే మార్పు ఎక్కడినుంచి మొదలవుతుంది?

ఇక క్రెష్ సరిగా నడిచే చోట్లకు వద్దాం. ఉన్నాయి, లేకపోలేదు. హైదరాబాద్ పడమటి వైపున అద్దాల మేడల్లో పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థల ఆవరణల్లో మంచి క్రెష్‌లు చూశాను. మెత్తటి నేల, చల్లటి గది, బొమ్మలు, శిక్షణ పొందిన సిబ్బంది. ఆ సంస్థల్లో పనిచేసే యువతులకు అది వరమని వాళ్ళే చెప్పారు. ఒప్పుకుంటాను. కానీ అదే మేడలో మెట్లు తుడిచే ఆమె బిడ్డ ఎక్కడుంది? బాత్‌రూములు కడిగే ఆమె బిడ్డ? క్యాంటీన్‌లో గిన్నెలు తోమే ఆమె బిడ్డ? ఒక చోట అడిగితే "వాళ్ళు మా ఉద్యోగులు కారండీ, ఏజెన్సీ వాళ్ళు" అన్నారు. ఏజెన్సీని అడిగితే "అక్కడ మాకు గది ఎక్కడుందండీ, అది వాళ్ళ బిల్డింగు కదా" అంటారు. ఇద్దరి మాటల మధ్య బిడ్డ ఇంటి దగ్గరే ఉండిపోతుంది. ఆమె పొద్దున్నే వచ్చి తుడిచే గదుల్లో ఆ క్రెష్ గది కూడా ఉంటుంది.

ఇక్కడ కార్యకర్తలు గుర్తుపెట్టుకోవలసిన విషయం ఒకటుంది. వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 24వ సెక్షన్‌లో సంక్షేమ సదుపాయాలతో పాటు ఆరేళ్ళ లోపు పిల్లల క్రెష్‌నీ పేర్కొన్నారు. అదే కోడ్ 53వ సెక్షన్, ఈ సదుపాయాలను కాంట్రాక్టు కార్మికులకు కల్పించాల్సింది ప్రధాన యజమానే అంటుంది. కాంట్రాక్టరు కాదు, ఏజెన్సీ కాదు, ఆ మేడ ఎవరి పనికోసం నడుస్తోందో ఆ యజమాని. కార్మిక సంఘాలు ఈ కోడ్‌లను వ్యతిరేకించడానికి బలమైన కారణాలు ఉన్నాయి, నేనూ వాళ్ళ పక్షానే ఉన్నాను. కానీ అందులో మనకి పనికొచ్చే వాక్యం ఉన్నప్పుడు దాన్ని పట్టుకుని అడగకపోవడం తెలివైన పని కాదు. తుడిచే ఆమె బిడ్డకీ ప్రోగ్రాం రాసే ఆమె బిడ్డకీ ఒకే గదిలో ఉయ్యాల వేయండని అడుగుదాం. ఆ కోర్కెకు ఎదురయ్యే ఇబ్బంది ఖర్చు గురించి కాదని మనకి వెంటనే తెలుస్తుంది. కులం, వర్గం, శుభ్రం, భాష అన్నీ ఆ ఉయ్యాల దగ్గరికి వచ్చి నిలబడతాయి.

క్రెష్ ఎక్కడ ఉండాలన్న ప్రశ్న మీద మన సంఘాల్లో చాలాకాలంగా వాదం ఉంది. పని చేసే చోటా, బస్తీలోనా? నేను చాలా ఏళ్ళు పని చేసే చోటే అన్నాను. యజమాని లాభం పొందుతున్నాడు కాబట్టి బాధ్యత అతని గేటు లోపలే ఉండాలన్నది నా వాదన. ఆ వాదన మార్చుకోవడానికి కారణం పుస్తకాలు కావు, బస్సులు. ఉప్పల్ అవతలి నుంచి రెండు బస్సులు మారి పనికొచ్చే ఒకామె నన్ను అడిగింది, "పొద్దుగాల ఏడింటి బస్సుల నేనే నిలవడనీకి జాగ లేదు, పిల్లనెట్ల ఎత్తుకొస్త?" దానికి నా దగ్గర జవాబు లేదు. తర్వాత అడిగిన చోటల్లా తల్లులు వయసుని బట్టి మాట్లాడారు. పాలు తాగే బిడ్డ తన దగ్గరే ఉండాలి. నడక వచ్చి, అన్నం తినే బిడ్డ ఇంటి దగ్గర, తెలిసిన వీధిలో ఉండాలి. వాళ్ళ మాటే సబబు. ఏడాది, ఏడాదిన్నర దాకా పని దగ్గర, ఆ తర్వాత బస్తీలో. మనం ఒకటి కావాలా రెండోది కావాలా అని పోట్లాడుకుంటూ ఉంటే రెండూ రాలేదు.

బస్తీలో అంగన్‌వాడీ ఉంది కదా అనవచ్చు. అంగన్‌వాడీ మధ్యాహ్నానికో, సాయంత్రం నాలుగింటికో ముగుస్తుంది. మూడేళ్ళ లోపు పిల్లలకి ఇంటికి ఇచ్చే తిండే తప్ప రోజంతా ఉంచుకునే ఏర్పాటు చాలాచోట్ల లేదు. 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ రోజుకు పది గంటల దాకా పనిచేయించుకునే వెసులుబాటు యజమానులకు ఇస్తూ నిర్ణయాలు తీసుకున్నాయి. స్త్రీల ఇష్టంతో రాత్రి పని కూడా చేయించుకోవచ్చని కోడ్ అంటోంది. పని గంటలు పెంచిన ప్రతి ఉత్తర్వుతో పాటు పిల్లల్ని చూసే గంటలు పెంచే ఉత్తర్వు ఎందుకు రాదు? రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరే తల్లి బిడ్డని నాలుగింటి నుంచి ఎనిమిదింటి దాకా ఎవరు చూస్తారు? మళ్ళీ ఆ పదేళ్ళ పిల్లే. 1990లలో రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ బడికి రాని ప్రతి బిడ్డనూ బాల కార్మికురాలిగానే చూడాలన్నప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు. తమ్ముడినో చెల్లెలినో చంకనేసుకున్న ఆడపిల్లను తలుచుకుంటే అందులో ఆశ్చర్యం ఏమీ లేదు. క్రెష్ లేని లోటుని ఈ దేశంలో పూడుస్తున్నది ఆడపిల్లల చదువు.

కాస్త కలిగిన ఇళ్ళల్లో ఆ లోటుని అమ్మమ్మలూ నాయనమ్మలూ పూడుస్తున్నారు. అమెరికాలో కూతురికి కాన్పయితే ఆరునెలలు అమ్మ వెళుతుంది, తర్వాత ఆరునెలలు అత్తగారు వస్తుంది. పాస్‌పోర్టులు, మోకాలి నొప్పుల మాత్రలు, ఆవకాయ జాడీలు సర్దుకుని వెళ్ళే ఆ పెద్దవాళ్ళ ప్రయాణాన్ని మనం ప్రేమ అంటాం. ప్రేమే. కానీ శ్రమ కూడా. అరవై దాటిన స్త్రీ తన సొంత జీవితాన్ని మరోసారి వాయిదా వేసుకోవడం కూడా.

ఇంతకీ ఆ గదిలో ఉండాల్సిన మనిషి ఎవరు? ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు వెళ్ళడం నిజాయితీ కాదు. స్త్రీల శ్రమ మీద డాక్టరేటు కోసం పరిశోధన చేసే రోజుల్లో నా పసిబిడ్డను ఒకామె చూసేది. నేను చదివిన ప్రతి పుస్తకం, రాసిన ప్రతి అధ్యాయం ఆమె నా బిడ్డని ఎత్తుకున్న గంటల్లోనే సాధ్యమయ్యాయి. ఆమెకి కూడా ఒక బిడ్డ ఉందని నాకు తెలుసు. ఆ బిడ్డ పగలంతా ఎక్కడుంటుందో దాదాపు రెండేళ్ళ దాకా నేను అడగలేదు. అడిగినప్పుడు, "ఇంట్లోనే ఉంటదమ్మా, బయట గొళ్ళెం పెట్టొస్త" అంది. నా సిద్ధాంత వ్యాసంలో జీతం లేని చాకిరీ గురించి ఒక అధ్యాయమే ఉంది. ఆ గొళ్ళెం గురించి ఒక్క వాక్యం లేదు. దీన్ని వ్యక్తిగత పశ్చాత్తాపంగా చెప్పడం లేదు. మనలో చాలామంది స్వేచ్ఛ ఇలాంటి గొళ్ళేల మీద ఆధారపడి ఉంది. దాన్ని చూడకపోతే క్రెష్ కోసం మన పోరాటం మళ్ళీ ఇంకో ఆడమనిషిని తక్కువ కూలికి కూర్చోబెట్టడం దగ్గరే ఆగుతుంది.

క్రెష్ ఆయా పనిని మనం పనిగా చూడం. 'పిల్లల్ని ఆడించడమే కదా' అంటాం. ఆరుగురు పసివాళ్ళ మలమూత్రాలు శుభ్రం చేస్తూ, వేళకు తినిపిస్తూ, ఎవరికి ఒళ్ళు వెచ్చగా ఉందో కనిపెడుతూ, మాటలు నేర్పుతూ ఎనిమిది గంటలు గడిపి చూస్తే తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీ కార్యకర్తలు, సహాయకులు 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి దాకా 42 రోజులు సమ్మె చేశారు. అప్పటికి కార్యకర్త గౌరవ వేతనం నెలకు 11,500 రూపాయలు, సహాయకురాలిది 7,000. ప్రభుత్వం వాళ్ళ మీద ఎస్మా ప్రయోగించింది. అత్యవసర సేవ అని సమ్మెను నిషేధించడానికి గుర్తొచ్చింది, జీతం ఇవ్వడానికి గుర్తు రాలేదు. వాళ్ళు గ్రాట్యుటీకి అర్హులని సుప్రీంకోర్టు 2022లో తీర్పు చెప్పాల్సి వచ్చింది. గౌరవ వేతనం అన్న మాటలో గౌరవమూ లేదు, వేతనమూ లేదు.

ఇదంతా విన్న వెంటనే వచ్చే ప్రశ్న, డబ్బెవరిస్తారు? 2017 సవరణ సెలవు జీతాన్నీ, క్రెష్ ఖర్చునీ పూర్తిగా యజమాని మీదే పెట్టింది. వినడానికి బాగుంది. కానీ భారమంతా ఒక్కొక్క యజమాని మీద పెడితే అతను గర్భం రాగల వయసు స్త్రీని తీసుకోవడానికి వెనకాడతాడు. ప్రసూతి ప్రయోజనాల ఖర్చు నేరుగా ఒక్కొక్క యజమాని మీద పడకూడదనీ, సామాజిక బీమా నుంచో ప్రభుత్వ నిధుల నుంచో రావాలనీ అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000 నాటి 183వ ఒప్పందంలో చెప్పింది ఇందుకే. మనకి ఈఎస్ఐ అనుభవం ఉంది. యజమానులందరూ జీతాల లెక్కన కొంత జమచేస్తారు, అవసరమైనవారికి అందుతుంది. అలాగే ఒక శిశు సంరక్షణ నిధి ఉండాలి. ఆడవాళ్ళు ఎందరున్నా, అసలు లేకపోయినా, ప్రతి సంస్థా అందులో వేయాలి. అప్పుడు ఆడవాళ్ళని తీసుకోకపోవడం వల్ల ఎవరికీ ఒక్క రూపాయి మిగలదు.

నిర్మాణ రంగంలో ఇలాంటి నిధి ఇప్పటికే ఉంది. 1996 చట్టం ప్రకారం నిర్మాణ వ్యయంలో నూటికి ఒక రూపాయి చొప్పున సెస్సు వసూలు చేస్తూ వచ్చారు. ఆ సొమ్ము వేల కోట్లు ఖర్చుకాక మూలుగుతోందని సుప్రీంకోర్టు 2018లో రాష్ట్రాలను మందలించింది. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చి మన నగరాల మేడలు కట్టే తల్లుల పిల్లలు ఇసుక గుట్టల మీద ఆడుకుంటూ ఉంటే ఆ డబ్బు బ్యాంకుల్లో ఉంది. నిర్మాణ స్థలంలో క్రెష్ నడపడం అసాధ్యమనే వాళ్ళకి ఒక్క ఉదాహరణ చాలు. 1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి ప్రదర్శన కోసం పని జరుగుతున్న చోట, దుమ్ములో పడి ఉన్న కూలీల పిల్లల్ని చూసి మీరా మహదేవన్ ఒక గుడారంలో మొదలుపెట్టిన పని మొబైల్ క్రెషెస్ సంస్థగా ఎదిగింది. పని ముగిసి కూలీలు కదిలితే కేంద్రమూ కదులుతుంది. కర్ణాటక ప్రభుత్వం 2023లో గ్రామ పంచాయతీల్లో 'కూసిన మనె' పేరుతో, అంటే పసిపాప ఇల్లు అని, కూలి తల్లుల పిల్లల కోసం కేంద్రాలు తెరవడానికి పూనుకుంది. దారి లేక కాదు మనం ఆగిపోయింది.

కేంద్ర ప్రభుత్వం మాత్రం ఇన్నాళ్ళూ వెనక్కే నడిచింది. 2006లో మొదలైన రాజీవ్ గాంధీ జాతీయ క్రెష్ పథకం కింద ఒకప్పుడు 20 వేలకు పైగా కేంద్రాలుండేవి. 2017లో నిధుల వాటాలు మార్చి, కేంద్రం 60 శాతానికి తగ్గి, మిగతాది రాష్ట్రాల మీద, స్వచ్ఛంద సంస్థల మీద వేశాక 2020 నాటికి అవి ఏడు వేల లోపుకి పడిపోయాయి. 2022 నుంచి మిషన్ శక్తిలో భాగంగా 'పాల్నా' పేరుతో అంగన్‌వాడీలతో కలిపి 17 వేల క్రెష్‌లు తెరుస్తామన్నారు. పేరు మారినప్పుడల్లా ఉయ్యాల కొత్తదవుతోంది. అందులో పడుకోవాల్సిన పిల్లలు మాత్రం ఈలోగా పెద్దవాళ్ళయిపోతున్నారు.

మనం ఏం చేయాలి? ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది సంఘాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసేవాళ్ళే. మొదట మన ఆఫీసుల నుంచే మొదలుపెడదాం. మన సమావేశాలకు పసిబిడ్డతో వచ్చిన కార్యకర్త గుమ్మం బయట నిలబడి ఉపన్యాసం వినడం మనం చూడలేదా? తర్వాత, ఏ సంస్థలోనైనా క్రెష్ ఉందని చెబితే గది చూసి తిరిగి రాకుండా నాలుగు విషయాలు అడుగుదాం. ఇందులో ఎవరి పిల్లలు ఉన్నారు, కాంట్రాక్టు కార్మికుల పిల్లలు ఉన్నారా? షిఫ్టు ముగిసేదాకా తెరిచి ఉంటుందా? పిల్లల్ని చూసే ఆమె జీతం ఎంత, ఆమె బిడ్డ ఎక్కడుంది? పాలిచ్చి వచ్చిన అరగంటకి ఎవరి కూలి అయినా కోస్తున్నారా? ఈ నాలుగింటికీ జవాబు వచ్చినప్పుడే ఆ గది క్రెష్ అవుతుంది. ఇక కొత్త కోడ్‌ల కింద రాష్ట్రాలు చేసే నిబంధనల్లో సంఖ్య తగ్గించమనీ, చూసే మనిషికి శిక్షణ, కనీస వేతనం రాతపూర్వకంగా చేర్చమనీ, తండ్రికీ వెళ్ళి చూసే హక్కు ఇవ్వమనీ రెండు రాష్ట్రాల కార్మిక శాఖలనూ అడుగుదాం.

ఆ కర్మాగారంలో స్త్రీలు ఈమధ్య ఒక పని చేశారని విన్నాను. పద్నాలుగు మంది సంతకాలు, వేలిముద్రలు పెట్టి మేనేజరుకి ఒక కాగితం ఇచ్చారట. గది గురించి అందులో ఏమీ అడగలేదు. తమలోనే నడుం నొప్పితో మిషిన్ మీద కూర్చోలేకపోతున్న ఒకామెను అదే జీతం మీద ఆ గదిలో వేయమన్నారు, తాళంచెవి ఆమెకే ఇవ్వమన్నారు. జవాబు ఇంకా రాలేదు. ఆ కాగితంలో ఉన్నంత స్పష్టంగా మన తీర్మానాలు ఎప్పుడూ లేవు. ఆ పదేళ్ళ పిల్ల బడికి వెళ్ళాలంటే ఆ జవాబు రావాలి. అది వచ్చేదాకా వాళ్ళ పక్కన నిలబడడం మన పని.